చరిత్ర చదివి కారణాల లెక్కల్లోకి వచ్చినాయన: జెరోమ్ కార్న్‌ఫీల్డ్

మెషిన్ లెర్నింగ్ ల్యాబ్‌లో మనమంతా మొదట్లో ట్రైన్ చేసే మోడల్స్‌లో లాజిస్టిక్ రిగ్రెషన్ ఒకటి. ఒక ఇంపోర్ట్, ఒక ఫిట్, ఒక ప్రెడిక్ట్, మూడు లైన్లలో పనైపోతుంది. దాంతోపాటు గుండెజబ్బు డేటాసెట్ కూడా దాదాపు ప్రతి బ్యాచ్‌కీ తగులుతుంది. వయసు, కొలెస్ట్రాల్, బీపీ, రోజుకి ఎన్ని సిగరెట్లు, ఇవే కాలమ్స్. వైవాలో సిగ్మాయిడ్ గీయమంటారు, గీస్తాం, వచ్చేస్తాం. ఆ కాలమ్స్ అన్నిటినీ ఒకే సమీకరణంలో పెట్టి ఒక మనిషికి గుండెజబ్బు వచ్చే అవకాశం ఎంతో లెక్కకట్టొచ్చని తొలిసారిగా చూపించిన కొద్దిమందిలో ఒకాయన పేరు మాత్రం మన సిలబస్‌లో ఎక్కడా కనిపించదు. అందుకే ఈ సంచికలో ఆయన గురించి రాస్తున్నా.

ఆయన పేరు జెరోమ్ కార్న్‌ఫీల్డ్. 1912 అక్టోబర్ 30న న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో పుట్టారు. 1933లో న్యూయార్క్ యూనివర్సిటీ నుంచి డిగ్రీ తీసుకున్నారు, అదీ చరిత్రలో. మీరు చదివింది కరెక్టే, హిస్టరీ. ఆయన చేతిలో ఉన్న డిగ్రీ జీవితాంతం అదొక్కటే. పీహెచ్‌డీ లేదు. స్టాటిస్టిక్స్ నేర్చుకున్నది వాషింగ్టన్‌లో ఉద్యోగం చేసుకుంటూ, అక్కడి వ్యవసాయ శాఖ ఉద్యోగుల కోసం నడిపిన క్లాసుల్లో. ఎలిజిబిలిటీ క్రైటీరియా చూసి అప్లై బటన్ దగ్గరే ఆగిపోయే మనకి ఈ ముక్క కాస్త ఊరటగా ఉంటుందని ముందే చెప్పేస్తున్నా.

1935లో ఆయన అమెరికా ప్రభుత్వపు బ్యూరో ఆఫ్ లేబర్ స్టాటిస్టిక్స్‌లో చేరారు. అది మహా మాంద్యం నడుస్తున్న కాలం. ఎంతమందికి పని లేదు, ఒక కుటుంబం దేనికి ఎంత ఖర్చు పెడుతోంది అన్నవి ప్రభుత్వానికి అత్యవసరమైన ప్రశ్నలు. ఇంటింటికీ తిరిగి అందర్నీ అడగలేరు, కొందర్ని అడిగి అందరి గురించీ చెప్పాలి. శాంపిలింగ్ అనే విద్య బాగా పదునెక్కిన రోజులవి, కార్న్‌ఫీల్డ్ చేయి తిరిగింది కూడా అక్కడే. తక్కువ ఖర్చులో పోషకాలన్నీ అందే తిండి ఏది అనే డైట్ ప్రాబ్లెమ్ మనకి లీనియర్ ప్రోగ్రామింగ్ యూనిట్‌లో వస్తుంది కదా, దాన్ని 1941లోనే ఒక మెమోలో రాసింది ఈయనేనని సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టిన జార్జ్ డాంట్జిగ్ చెప్పుకొచ్చారు.

ఆ ఆఫీసు రోజులదే ఇంకో కథ ప్రచారంలో ఉంది. ఆర్థికవేత్త వాసిలీ లియోంటీఫ్ (తర్వాత 1973లో నోబెల్ వచ్చింది) దేశంలోని పరిశ్రమలన్నీ ఒకదానిమీద ఒకటి ఎలా ఆధారపడ్డాయో మాట్రిక్స్‌గా రాసి, దానికి ఇన్వర్స్ కావాలన్నారు. 12 వరసల మాట్రిక్స్‌ని కార్న్‌ఫీల్డ్ వారం రోజుల్లో చేత్తో చేశారట. 24 వరసలది అడిగితే చేత్తో వందల ఏళ్లు పడుతుందని అంచనా వేశారట. గాసియన్ ఎలిమినేషన్ చదివిన మనకి ఇక్కడ అనుమానం రావాలి. వరసలు రెట్టింపైతే పని సుమారు ఎనిమిది రెట్లే కదా పెరగాలి! చెప్పేవాళ్లు కాస్త మసాలా దట్టించారనే నా నమ్మకం. సరే, చేత్తో వద్దు, హార్వర్డ్‌లో ఉన్న తొలితరం కంప్యూటర్ మీద చేద్దాం అనుకున్నారు. సేవలకి డబ్బు ఇవ్వడానికి రూల్స్ ఒప్పుకోకపోతే, వస్తువు కొంటున్నట్టుగా తిరగేసిన మాట్రిక్స్ ఒకటి అని కొనుగోలు ఆర్డర్ రాశారట. ప్రభుత్వ ఆఫీసులు ఏ దేశంలోనైనా ఒకటే అన్నమాట.

1947లో ఆయన నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌కి, అంటే ఎన్ఐహెచ్‌కి మారారు. తిండీ కూలీల లెక్కల నుంచి క్యాన్సర్ లెక్కల్లోకి అన్నమాట. అక్కడ హెరాల్డ్ డోర్న్ అనే ఆయన ఒక చిన్న స్టాటిస్టిక్స్ బృందాన్ని పోగుచేశారు. నేథన్ మాంటెల్, శామ్యూల్ గ్రీన్‌హౌస్, మార్విన్ ష్నైడర్‌మన్, వీళ్లంతా ఆ బృందమే. బయోస్టాటిస్టిక్స్ చదివేవాళ్లకి ఇవి పాఠ్యపుస్తకాల్లో కనిపించే పేర్లు. అప్పట్లో మాత్రం డాక్టర్లు నోట్‌బుక్ పట్టుకొచ్చి ఈ లెక్క తేల్చిపెట్టండి అని అడిగితే కూర్చుని తేల్చే మనుషులు, అంతే.

ఆ రోజుల్లో వాళ్ల టేబుల్ మీదకి వచ్చిన పెద్ద ప్రశ్న ఊపిరితిత్తుల క్యాన్సర్. 1950లో ఇంగ్లండ్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్, అమెరికాలో ఎర్నెస్ట్ వైండర్, ఎవర్ట్స్ గ్రాహమ్ ఇంచుమించు ఒకేసారి ఒకే మాట చెప్పారు. ఆసుపత్రిలో ఉన్న క్యాన్సర్ రోగుల్ని, మిగతా రోగుల్ని పోల్చి చూస్తే, క్యాన్సర్ వచ్చినవాళ్లలో సిగరెట్ తాగేవాళ్లు చాలా ఎక్కువ. ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఈ పద్ధతిలో మనం జబ్బు దగ్గర మొదలుపెట్టి అలవాటు వైపు వెనక్కి వెళ్తున్నాం. మనకి కావాల్సిందేమో ముందుకి, అంటే తాగేవాడికి జబ్బు వచ్చే అవకాశం తాగనివాడికంటే ఎన్ని రెట్లు అన్నది. వెనక్కి నడిచి సేకరించిన డేటాతో ముందుకి జవాబు చెప్పొచ్చా?

చెప్పొచ్చని కార్న్‌ఫీల్డ్ 1951 పేపర్లో చూపించారు. ఊహకి ఒక లెక్క వేసుకుందాం. వంద మంది రోగుల్లో 80 మంది తాగుతారు, 20 మంది తాగరు. జబ్బు లేని వంద మందిలో 50 తాగుతారు, 50 తాగరు. అడ్డంగా గుణించండి: 80 ఇంటూ 50 బై 20 ఇంటూ 50, నాలుగు వస్తుంది. దీన్నే ఆడ్స్ రేషియో అంటాం. రోగుల వైపు నుంచి లెక్కేసినా, తాగేవాళ్ల వైపు నుంచి లెక్కేసినా ఈ సంఖ్య మారదు. జబ్బు అరుదైనదైతే ఇది దాదాపుగా మనకి కావాల్సిన రిస్క్ రేషియోనే. పేజీ మీద చూస్తే చిన్న ఆల్జీబ్రా. కానీ లక్షలమందిని ఏళ్ల తరబడి వెంబడించే స్తోమత లేని ప్రతి ఆసుపత్రికీ, ప్రతి దేశానికీ ఆ ఆల్జీబ్రా ఒక దారి తెరిచింది. మన ఉత్తరాంధ్రనే తీసుకోండి. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఆడవాళ్లలో ఎక్కువ. దానికీ అంగిలి క్యాన్సర్‌కీ ఉన్న సంబంధాన్ని విశాఖ డాక్టర్లు పరిశోధించారు. అలాంటి ప్రశ్నలకి ఈ రకం పోలికలే ఆధారం.

అయితే ఇంతటితో గొడవ తీరలేదు. అసలు గొడవ ఇప్పుడు మొదలైంది. అవతలి పక్షాన నిలబడింది ఎవరనుకున్నారు? రొనాల్డ్ ఫిషర్. అనోవా ఆయనదే, మాగ్జిమమ్ లైక్లీహుడ్ ఆయనదే, ప్రయోగాల్లో రాండమైజేషన్ అనే ఆలోచనకి పెద్ద దిక్కూ ఆయనే. ఫిషర్ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. సిగరెట్ తాగాలనే కోరికనీ, క్యాన్సర్ వచ్చే గుణాన్నీ రెండింటినీ కలిగించే జన్యువు ఒకటి ఉండొచ్చు కదా అన్నారాయన. అప్పుడు సిగరెట్‌కీ క్యాన్సర్‌కీ సంబంధం కనిపిస్తుంది గానీ ఒకటి రెండోదానికి కారణం కాదు. మనం స్లైడ్స్‌లో చూసే కన్‌ఫౌండర్ ఇదే. ఫిషర్ పైపు తాగేవారు, పొగాకు కంపెనీల సంఘానికి సలహాదారుగా కూడా ఉన్నారు. అది నిజమే గానీ, వాదనకి జవాబు వాదనతోనే ఇవ్వాలి కదా. ఇంకో పక్క జోసెఫ్ బెర్క్‌సన్ కూడా ఒప్పుకోలేదు. లాజిట్ అనే మాటని 1944లో పుట్టించింది ఆయనే. స్టాటిస్టిక్స్‌లో హేమాహేమీలు అటువైపు ఉంటే, ఇటువైపు హిస్టరీ డిగ్రీ ఉన్న ప్రభుత్వోద్యోగి!

1959లో కార్న్‌ఫీల్డ్ మరో ఐదుగురితో కలిసి రాసిన పేపర్ నాకు ఆయన పనంతట్లోకీ ఇష్టమైనది. అందులో ఆయన కన్‌ఫౌండర్ లేదు అని వాదించలేదు. ఉందనే అనుకుందాం, అయితే అది ఎంత పెద్దదై ఉండాలి అని అడిగారు. దానికి హార్మోన్ ఎక్స్ అని ఉత్తుత్తి పేరు కూడా పెట్టారు. సిగరెట్ తాగేవాళ్లకి క్యాన్సర్ రిస్క్ తొమ్మిది రెట్లు ఎక్కువ అనుకోండి. సిగరెట్ తప్పేమీ లేదు, అంతా ఆ దాగున్న గుణం వల్లే అంటే, ఆ గుణం తాగనివాళ్లలో కంటే తాగేవాళ్లలో కనీసం తొమ్మిది రెట్లు ఎక్కువగా ఉండి తీరాలి. తాగనివాళ్లలో 10 శాతం మందికి ఉంటే తాగేవాళ్లలో 90 శాతానికి ఉండాలి. తాగనివాళ్లలో 20 శాతం మందికి ఉందా, అప్పుడు తాగేవాళ్లలో 180 శాతం కావాలి. అంటే కుదరదు. రుజువు రెండు లైన్లే, ఇంటర్ ఆల్జీబ్రా చాలు. ఒకసారి పెన్ను పట్టుకుని మీరే ప్రయత్నించండి, సరదాగా ఉంటుంది.

ఈ అసమానత తర్వాత నిరూపించాల్సిన బరువు అవతలి పక్షానికి మారిపోయింది. జన్యువు ఉందేమో అని అనేస్తే సరిపోదు, అంత బలమైన జన్యువుని చూపించాలి. పైగా ఊపిరితిత్తుల క్యాన్సర్ కొన్ని దశాబ్దాల్లోనే విపరీతంగా పెరిగింది, మనుషుల జన్యువులు అంత తొందరగా మారవు. సిగరెట్ మానేసినవాళ్లలో రిస్క్ తగ్గుతోంది, మానెయ్యడం వల్ల జన్యువు మారదు కదా. ఇలా ఒక్కో అభ్యంతరాన్నీ తీసుకుని, దాన్ని నమ్మితే ఇంకేం నమ్మాల్సి వస్తుందో చూపిస్తూ పోతుంది ఆ పేపర్. మా తాత రోజుకి పది చుట్టలు కాల్చి తొంభై ఏళ్లు బతికాడు అనే మాట మన ఊళ్లలో వినని వాళ్లుండరు. దానికి కోపంతో కాకుండా లెక్కతో జవాబు ఎలా చెప్పాలో నేను ఈ పేపర్ దగ్గరే నేర్చుకున్నా. 1964 జనవరి 11న అమెరికా సర్జన్ జనరల్ నివేదిక సిగరెట్ క్యాన్సర్‌కి కారణమని అధికారికంగా ప్రకటించింది. ఫిషర్ 1962లోనే చనిపోయారు. కార్న్‌ఫీల్డ్ ఆలోచన మాత్రం ఇంకా పనిచేస్తూనే ఉంది. కాజల్ ఇన్ఫరెన్స్‌లో సెన్సిటివిటీ అనాలిసిస్ అని చెప్పుకునే శాఖకి ఇదే తొలి మెట్టు అంటారు. 2017లో వచ్చిన ఈ-వాల్యూ దీని వారసురాలే.

ఈ మధ్యలో 1958లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ ఆయన్ని బయోస్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్‌కి అధిపతిగా పిలిచింది. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నది విలియం కాక్రన్. పీహెచ్‌డీ లేని మనిషి అలాంటి కుర్చీలో! రెండేళ్లే ఉన్నారు. 1960లో మళ్లీ ఎన్ఐహెచ్‌కే వచ్చేశారు, ఈసారి గుండెజబ్బుల సంస్థకి.

అక్కడ ఆయన కోసం ఫ్రామింగ్‌హామ్ ఎదురు చూస్తోంది. మసాచుసెట్స్‌లోని ఆ ఊళ్లో 1948 నుంచి 5209 మందిని రెండేళ్లకోసారి పరీక్షిస్తూ, ఎవరికి గుండెజబ్బు వస్తుందో రాసుకుంటూ పోతున్నారు. డేటా పెరుగుతోంది, విశ్లేషణ మాత్రం టేబుళ్ల దగ్గరే ఆగిపోయింది. ఎందుకో లెక్క చూడండి. పది రిస్క్ ఫ్యాక్టర్లు, ఒక్కోదానికి తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడేసి గళ్లు. మొత్తం గళ్లు మూడు టు ది పవర్ పది, అంటే 59,049. ఊరి జనమంతా వచ్చి నిలబడ్డా గళ్లు నిండవు. కర్స్ ఆఫ్ డైమెన్షనాలిటీ అని మనం చదివేది వాళ్లకి ఆ రోజు కళ్లెదుట ఉన్న సమస్య.

కార్న్‌ఫీల్డ్ దాన్ని తలకిందులు చేసి చూశారు. జబ్బు వచ్చినవాళ్లలో కొలెస్ట్రాల్, బీపీ ఎలా పరుచుకుని ఉన్నాయి, రానివాళ్లలో ఎలా ఉన్నాయి? రెండు గుంపులూ ఒకే రకం బెల్ కర్వ్‌లు, కేంద్రాలు మాత్రం వేరు అనుకుని బేయిస్ సూత్రం పెట్టండి. జబ్బు వచ్చే అవకాశం సరిగ్గా మన సిగ్మాయిడ్‌గా బయటికొస్తుంది. వెయిట్స్ ఫిషర్ గారి డిస్క్రిమినెంట్ ఫంక్షన్ నుంచే వస్తాయి. పొగాకు విషయంలో ఎవరితో పోరాడారో ఆయన పనిముట్టే ఇక్కడ అక్కరకొచ్చింది. (ఆ డిస్క్రిమినెంట్‌ని రెండు గుంపుల నుంచి చాలా గుంపులకి విస్తరించింది మన ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన సి.ఆర్. రావు గారు, 1948లో.) 1962లో రెండు చరరాశులతో మొదలుపెట్టి, 1967లో జీన్ ట్రూయెట్, విలియం కానెల్‌తో కలిసి ఏడింటికి తీసుకెళ్లారు: వయసు, కొలెస్ట్రాల్, సిస్టోలిక్ బీపీ, ఎత్తుకి తగ్గ బరువు, హిమోగ్లోబిన్, సిగరెట్లు, ఈసీజీ. పన్నెండేళ్లపాటు గమనించిన 2187 మంది మగవాళ్లు, 2669 మంది ఆడవాళ్ల డేటా అది.

లాజిస్టిక్ రిగ్రెషన్‌ని ఈయనొక్కరే కనిపెట్టారని నేననను. లాజిట్ బెర్క్‌సన్‌ది, రెండే ఫలితాలున్న డేటాకి రిగ్రెషన్ సిద్ధాంతం డేవిడ్ కాక్స్ 1958లో రాశారు. కానీ దాన్ని మంచం మీదున్న రోగి దగ్గరికి, డాక్టర్ టేబుల్ దగ్గరికి తెచ్చిన పని మాత్రం ఫ్రామింగ్‌హామ్‌దే. బీపీ ఒక గీత దాటితే జబ్బు, దాటకపోతే లేదు అనే ఆలోచన పోయి, అన్నీ కలిసి మెల్లగా పెరిగే రిస్క్ అనే ఆలోచన వచ్చింది. ఇవాళ ఆసుపత్రిలో రాబోయే పదేళ్లలో మీ గుండె రిస్క్ ఇంత శాతం అని చెప్పే కాలిక్యులేటర్ల వంశవృక్షం పైకి పోతే ఈ పేపర్ తగులుతుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లకి జబ్బు ఎక్కువ వస్తుందని మోడల్ చెప్పింది. మరి కొలెస్ట్రాల్ తగ్గిస్తే జబ్బు తగ్గుతుందా? మోడల్ ఆ మాట చెప్పలేదు. మొదటిది ప్రెడిక్షన్, రెండోది కాజేషన్. ఫీచర్ ఇంపార్టెన్స్ గ్రాఫ్ చూపించి, కాబట్టి ఇది తగ్గించండి అని ప్రాజెక్ట్ రిపోర్టులో రాసేసే మన అలవాటు ఎంత ప్రమాదమో చూపించే ఉదాహరణ ఒకటుంది. అమెరికా గుండెజబ్బుల సంస్థ నడిపిన కరోనరీ డ్రగ్ ప్రాజెక్ట్‌లో క్లోఫైబ్రేట్ మందుని సరిగ్గా వేసుకున్నవాళ్లలో ఐదేళ్లలో 15.0 శాతం చనిపోయారు, సరిగ్గా వేసుకోనివాళ్లలో 24.6 శాతం. మందు అద్భుతం అనిపిస్తుందా? ఉత్తుత్తి మాత్రలు సరిగ్గా వేసుకున్నవాళ్లలో 15.1, వేసుకోనివాళ్లలో 28.2. అంటే తేడా మందులో లేదు, చెప్పినట్టు వేసుకునే మనిషిలో ఉంది. 1980లో వచ్చిందీ ఫలితం. ఏ ప్రెడిక్షన్ మోడల్‌కైనా అది బ్రహ్మాండమైన ఫీచరే, కారణం మాత్రం కాదు.

కార్న్‌ఫీల్డ్‌కి ఈ తేడా బాగా తెలుసు. 1956లోనే జాన్ టూకీతో కలిసి రాసిన పేపర్లో ఒక పోలిక ఉంది: డేటా నుంచి నిర్ధారణకి వెళ్లడం నది దాటడం లాంటిది, మధ్యలో ఒక లంక ఉంటుంది. ఈ ఒడ్డు నుంచి లంకదాకా వంతెన స్టాటిస్టిక్స్ కడుతుంది. లంక నుంచి అవతలి ఒడ్డుకి ఆ సబ్జెక్టు తెలిసినవాళ్లు కట్టాలి. మొదటి వంతెన ఎంత గట్టిగా ఉన్నా రెండోది లేకపోతే మనం లంకలోనే ఉండిపోతాం. గోదావరి లంకలు చూసినవాళ్లకి ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

ఆ రెండు పనులూ ఒకేచోట కలిసింది మధుమేహం గొడవలో. యూజీడీపీ అనే ట్రయల్‌లో టాల్‌బ్యుటమైడ్ మాత్ర వేసుకున్న 204 మందిలో 26 మంది గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 205 మందిలో 10 మంది. 1970లో ఈ విషయం బయటపడేసరికి లక్షలమంది అదే మాత్ర వాడుతున్నారు. డాక్టర్లు రెండుగా చీలిపోయారు. మందు గుంపులో మొదట్నుంచీ గుండె బలహీనంగా ఉన్నవాళ్లు ఎక్కువ పడ్డారేమో అన్నది ఒక గట్టి విమర్శ. కార్న్‌ఫీల్డ్ 1971లో దాన్ని మళ్లీ విశ్లేషించారు. ఫ్రామింగ్‌హామ్‌లో వాడిన లాజిస్టిక్ మోడల్‌తోనే ఒక్కొక్కరి మొదటి రిస్క్‌ని లెక్కేసి, ఆ తేడాని సరిచేసి చూశారు. తేడా కొట్టుకుపోలేదు. విమర్శకులు ఊరుకోలేదు, కోర్టులకెక్కారు. డేటా చూపించాలా వద్దా అన్న పేచీ అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ ట్రయల్ మీద చర్చ ఇప్పటికీ పూర్తిగా ముగియలేదు, నేనూ తీర్పు చెప్పను. కానీ ప్రాణాలతో ముడిపడ్డ లెక్కని పేరు పెట్టుకుని, బహిరంగంగా, తిట్లు తినడానికి సిద్ధపడి చెయ్యడం అందరి వల్లా కాదు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. 1967లో ఎన్ఐహెచ్ వదిలి పిట్స్‌బర్గ్ యూనివర్సిటీకి వెళ్లారు, తర్వాత జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీకి వచ్చారు. అక్కడి బయోస్టాటిస్టిక్స్ సెంటర్ 1972లో మొదలైంది. వయసు పెరిగేకొద్దీ ఆయన బేయిసియన్ అయ్యారు. ట్రయల్ మధ్యలో ఎన్నిసార్లు డేటా చూశామన్నది ముఖ్యం కాదు, ఆ డేటా ఏం చెబుతోందన్నదే ముఖ్యం అనే వాదన 1966లోనే రాశారు. 1974లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ అధ్యక్షుడిగా ఇచ్చిన ప్రసంగం పేరు ఎ స్టాటిస్టీషియన్స్ అపాలజీ. ఇతరుల సైన్సుకి సాయం చేసే ఈ వృత్తిలో తెలివైన మనిషికి తృప్తి దొరుకుతుందా అన్నది దాని విషయం.

1979 సెప్టెంబర్ 17న వర్జీనియాలో చనిపోయారు. కొలెస్ట్రాల్ తగ్గిస్తే గుండెజబ్బు తగ్గుతుందా అనే ప్రశ్న మీద 3806 మంది మగవాళ్లతో 1973లో మొదలైన ట్రయల్ అప్పటికింకా నడుస్తూనే ఉంది. ఫలితం 1984లో వచ్చింది. తగ్గుతుంది, 19 శాతం.